ఓటున్న పరాయివాళ్ళు

2016 జూన్ 23, గురువారం. పొద్దున్న ఏడు దాటింది. పశ్చిమ లండన్‌లోని హౌన్‌స్లో. రాత్రి ఉరుములతో మొదలైన వాన ఇంకా తెరిపివ్వలేదు. ఓ ప్రాథమిక పాఠశాల గేటు దగ్గర మీరు గొడుగు పట్టుకుని నిలబడ్డారు. గేటుకి కట్టిన ‘పోలింగ్ స్టేషన్’ అట్ట తడిసి ఓ మూల వంగిపోయింది. మబ్బుల్లోంచి విమానాలు ఒకదాని వెనక ఒకటి చక్రాలు దించుకుని హీత్రూ వైపు జారుతున్నాయి. మీ ముందు సల్వార్ కమీజ్ మీద రెయిన్‌కోటు వేసుకున్న ఓ పెద్దావిడ. ఆవిడ ముందు ఇద్దరు ఎయిర్‌పోర్టు ఉద్యోగులు. రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టున్నారు, మెళ్ళో గుర్తింపు కార్డులు ఇంకా తీయలేదు.

మీ జేబులో ఉన్నది భారత పాస్‌పోర్టు. ఈ దేశంలో మీరు ఉంటున్నది వీసా మీద. అయినా బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా అన్నది తేల్చే ఓటు మీకుంది. కామన్వెల్త్ దేశాల పౌరులు ఇక్కడ చట్టప్రకారం నివాసముంటే చాలు, ఓటర్ల జాబితాలో పేరు రాయించుకోవచ్చు. సామ్రాజ్యం పోయినా దాని అలవాట్లలో ఇదొకటి మిగిలింది.

రోడ్డవతల బస్టాపులో సిమెంటు మరకల బూట్లతో ఒకతను నిలబడి ఉన్నాడు. మీ వీధివాడే, పోలండ్ నుంచి వచ్చి పన్నెండేళ్ళయింది. పన్ను కడుతున్నాడు, పిల్లలు ఈ బడిలోనే చదువుతున్నారు. ఇవాళ తేలేది అతని బతుకే. అతనికి ఓటు లేదు. యూరప్ పౌరుల్లో ఐర్లండ్, మాల్టా, సైప్రస్ వాళ్ళకి తప్ప ఈ రెఫరెండంలో ఎవరికీ ఓటు లేదు. అతను మిమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. మీరూ ఊపారు, కొంచెం ఇబ్బందిగా.

లోపల పిల్లలు వేసిన బొమ్మల కింద రెండు బల్లలు. పేరు, చిరునామా చెప్పారు. గుర్తింపు కార్డు అడగలేదు. కాగితం మీద ఒక ప్రశ్న, రెండు గళ్ళు. చెక్క అరలో దారానికి కట్టిన పెన్సిల్. పెన్సిల్ గీతలు చెరిపేస్తారన్న పుకారు నమ్మి కొందరు సొంత పెన్నులు తెచ్చుకున్నారు. మీరెటు గీశారో నేనడగను. మనం ఈ రోజంతా తిరగబోయేది ఇంకొకరి గీతల వెనకున్న కారణాల కోసం. వలసల్ని అదుపు చేస్తామంటున్న పక్షానికి, ఒకప్పుడు తామే వలసొచ్చినవాళ్ళు ఎందుకు ఓటేస్తున్నారు?

అందరూ వెయ్యడం లేదు, అది ముందే చెప్పుకోవాలి. ఇవాళ ఓటేసినవాళ్ళని అడిగి లార్డ్ ఆష్‌క్రాఫ్ట్ తేల్చబోయే సర్వే లెక్కలో ఆసియా మూలాలవాళ్ళు 67 శాతం ‘ఉండాలి’ అనే అన్నారు. తెల్లవాళ్ళలో మాత్రం 53 శాతం ‘పోదాం’ అన్నారు. మనకి కావలసింది ఆ మిగిలిన మూడోవంతు ఆసియావాళ్ళు. ఈ దారిలో ఎదురయ్యేవాళ్ళకి నేను పేర్లు పెట్టను. ఆ వేసవిలో వీధుల్లో వినపడిన వాదనల్ని ఒక్కో మనిషిలో కొన్ని కూర్చాను. తేదీలు, చట్టాలు, అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

120 నంబరు బస్సు ఎక్కండి. హెస్టన్ మీదుగా సౌతాల్ వెళ్తుంది. పై అంతస్తులో కిటికీ పక్కన అరవై దాటిన సర్దార్జీ ఒకాయన కూర్చున్నాడు. మీ మొహం చూసి హిందీలోకి దిగాడు. ఇళ్ళ పైకప్పులు, అదనపు గదులు కట్టే చిన్న కాంట్రాక్టరు. తండ్రి ఇక్కడి రబ్బరు ఫ్యాక్టరీలో పనిచేశాడు, తాత రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో పోరాడాడు. “ఓటేసొచ్చాను బేటా, బయటికే” అన్నాడు, మీరు అడక్కుండానే.

కారణం చెప్పమంటే 2004తో మొదలుపెట్టాడు. ఆ ఏడాది మే నెలలో తూర్పు యూరప్ దేశాలు ఎనిమిది, వాటితోపాటు సైప్రస్, మాల్టా యూనియన్‌లో చేరాయి. తూర్పు యూరప్‌వాళ్ళకి మొదటిరోజే పనుల తలుపు బార్లా తీసిన పాత సభ్యదేశాలు మూడే: బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్. జర్మనీలాంటివి ఏళ్ళతరబడి ఆగాయి. బ్రిటన్ ప్రభుత్వం చేయించిన అధ్యయనం ఏడాదికి నికరంగా 5,000 నుంచి 13,000 మంది వస్తారంది. 2011 జనాభా లెక్కల్లో చూస్తే ఇంగ్లండ్, వేల్స్‌లలో పోలండ్‌లో పుట్టినవాళ్ళే 5 లక్షల 79 వేల మంది. పంజాబీని వెనక్కి నెట్టి, ఇంగ్లిషు తర్వాత ఎక్కువమంది మాట్లాడే భాషల్లో పోలిష్ ముందుకొచ్చేసింది.

“నా దగ్గరా ఇద్దరు పోలండ్ కుర్రాళ్ళున్నారు” అన్నాడు సర్దార్జీ. “మంచి పనివాళ్ళు. అదే నా బాధ. నేను పెట్టుకోకపోతే నా పక్కవాడు పెట్టుకుని నాకంటే తక్కువకి కోట్ చేస్తాడు. మా మేనల్లుడు లూధియానాలో తాపీమేస్త్రీ. వాణ్ణి తెచ్చుకోలేను.”

పరాయివాళ్ళు పని లాక్కుంటున్నారన్న మామూలు ఫిర్యాదులా మొదలైన మాట చివరి వాక్యానికొచ్చేసరికి ఎటు తిరిగిందో గమనించారా? ‘లోపలికొచ్చాక తలుపు వేసేసుకునే బుద్ధి’ అని చదువుకున్న పత్రికల్లో ఆ వారమంతా రాశారు. కిక్కిరిసిన జనరల్ బోగీ ఎక్కినవాడు తర్వాతి స్టేషన్లో తలుపు తియ్యనివ్వడు, ఆ సంగతి మనకి తెలిసిందే. అలాంటివాళ్ళూ ఇక్కడ లేకపోలేదు. స్కూళ్ళలో సీట్లు లేవు, డాక్టరు అపాయింట్‌మెంటు దొరకదు, మేం వచ్చినప్పుడు ప్రభుత్వం మాకేమీ ఇవ్వలేదు అనేవాళ్ళు హౌన్‌స్లో నిండా ఉన్నారు. కానీ ఈయన బాధ ఇంకొకటి. తన బోగీ తలుపు తాళం వేసి ఉంది, మేనల్లుడు ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు, అవతలి తలుపులోంచి మాత్రం జనం ఎక్కుతూనే ఉన్నారు.

సౌతాల్‌లో దిగండి. రైల్వేస్టేషన్ బోర్డు మీద ఇంగ్లిషు కింద గురుముఖి అక్షరాలు. బ్రాడ్‌వే పొడుగునా వాన నీళ్ళు జారుతున్న టార్పాలిన్ల కింద మామిడిపళ్ళ పెట్టెలు, కొత్తిమీర కట్టలు. కూరగాయల కొట్టు గుజరాతీ ఆసామి ఓ పెట్టె మూత తీసి మీ ముక్కు దగ్గర పెట్టాడు.

“2014లో ఇవి లేవు” అన్నాడు. ఆ ఏడాది మే 1 నుంచి యూరోపియన్ యూనియన్ భారత మామిడిని ఆపేసింది. మామిడితోపాటు వంకాయ, కాకరకాయ, పొట్లకాయ, చేమాకు కూడా. సరుకులో పండు ఈగలూ ఇతర పురుగులూ దొరికాయని కారణం చెప్పారు. మన రైతులు, ఎగుమతిదారులు శుభ్రత చర్యలు పెంచాక 2015 జనవరిలో మామిడికి అనుమతి వచ్చింది. కూరగాయలకి అప్పుడు కూడా రాలేదు. “ఇంగ్లండ్ చలిలో ఆ ఈగ ఎన్నాళ్ళు బతుకుతుంది? స్పెయిన్ టమాటాలకి భయమని నా అల్ఫాన్సో ఆపుతారా?” అన్నాడు. ఇలాంటి ఆంక్షల వెనక పంట రక్షణ శాస్త్రం నిజంగానే ఉంది. కానీ ఒక వేసవి వ్యాపారం మొత్తం పోయినవాడికి యూనియన్ కేంద్రం బ్రస్సెల్స్ అంటే ఏమిటో చెప్పడానికి ‘పోదాం’ అనే లీవ్ ప్రచారకర్తలు పెద్దగా కష్టపడాల్సిన పనిలేకపోయింది.

మధ్యాహ్నం కావస్తోంది. హేవ్‌లాక్ రోడ్డులో గురుద్వారా బంగారు గుమ్మటం వానలో వెలవెలబోతోంది. చెప్పులు విడిచి, తలకి గుడ్డ కట్టుకుని ఉచిత భోజనం వడ్డించే లంగరు హాల్లోకి నడవండి. దాల్, రోటీ, ఖీరు. పక్క వరసలో కూర్చున్న అమ్మాయికి ముప్ఫై లోపే ఉంటాయి. విమానాల్లో పెట్టే భోజనాలు సర్దే వంటశాలలో పని. పుట్టింది ఇక్కడే. జలంధర్ కుర్రాణ్ణి పెళ్ళి చేసుకుని రెండేళ్ళయింది. అతను జలంధర్‌లోనే ఉన్నాడు.

2012 జూలైలో వచ్చిన నిబంధన ఇది: బ్రిటిష్ పౌరులు బయటి దేశపు భర్తనో భార్యనో తెచ్చుకోవాలంటే ఏడాదికి 18,600 పౌండ్ల సంపాదన చూపాలి. ఈ అమ్మాయి జీతం దానికి చాలదు. ఆమెని ఎక్కువగా మండిస్తున్నది పక్క ఫ్లాట్ సంగతి. అక్కడుండేది గోవా కుటుంబం. గోవాలో పుట్టి, గోవాలో పెరిగి, పోర్చుగీసు పాస్‌పోర్టుతో వచ్చారు. 1961 డిసెంబరులో భారత సైన్యం గోవాని విడిపించక ముందు అక్కడ పుట్టినవాళ్ళకీ, వాళ్ళ సంతానానికీ పోర్చుగల్ పౌరసత్వానికి దారి ఉంది. ఆ పాస్‌పోర్టుతో భార్యాపిల్లలతో సహా దిగితే ఎవరూ జీతం చీటీ అడగరు. “నేను బ్రిటిష్ పౌరురాల్ని. నాకే రూలు. వాళ్ళకి లేదు” అంది రోటీ తుంపుతూ. ఆమె ఓటు సాయంత్రం షిఫ్టు అయ్యాక. ఎటు వేస్తుందో మీకు అర్థమైపోయింది.

ఆమెకి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. 1992లో యూరోపియన్ కోర్టు ఒక తీర్పు ఇచ్చింది. బ్రిటిష్ భార్యతో జర్మనీ వెళ్ళి అక్కడ ఇద్దరూ పనిచేసి తిరిగొచ్చిన సురీందర్ సింగ్ అనే భారతీయుడి కేసు అది. బ్రిటిష్ పౌరులు మరో సభ్యదేశంలో కొంతకాలం నిజంగా పనిచేసి తిరిగొస్తే, భర్తనో భార్యనో యూరప్ నిబంధనల కిందే వెంట తెచ్చుకోవచ్చన్నది దాని సారాంశం. 18,600 పౌండ్ల మెట్టు దాటలేనివాళ్ళు ఐర్లండ్ వెళ్ళి కొన్ని నెలలు పనిచేసి ఆ దారిన వస్తున్నారు, దాన్ని ‘సురీందర్ సింగ్ దారి’ అనే పిలుస్తారు. ఒక పంజాబీ పేరు మీద ఉన్న ఆ దారి ఈ రాత్రి తీర్పుతో మూతపడబోతోంది. దాన్ని తెరిచింది యూరప్. మెట్టు కట్టింది లండన్.

ఈ వాదనలన్నిటి వేళ్ళు ఒక పాత తేదీ దగ్గర కలుస్తాయి: 1973 జనవరి 1. ఆ రోజే బ్రిటన్ యూరోపియన్ ఎకనమిక్ కమ్యూనిటీలో చేరింది. సరిగ్గా ఆ రోజే 1971 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టం అమల్లోకొచ్చి, కామన్వెల్త్ జనం ఇక్కడికొచ్చి స్థిరపడే దారిని దాదాపు మూసేసింది. సౌతాల్ పెద్దల మనసులో ఈ రెండూ ఒకటే సంఘటన. మమ్మల్ని గెంటేసి వాళ్ళని పిలిచారు అంటారు. వినడానికి అతికినట్టుంటుంది. కానీ తలుపు మూయడం అంతకు పదకొండేళ్ళ ముందే మొదలైంది. 1962 చట్టం మామూలు కామన్వెల్త్ పౌరులకి పని వోచర్లు పెట్టింది. 1968లో కెన్యా ఆసియావాళ్ళు బ్రిటిష్ పాస్‌పోర్టులతోనే వస్తుంటే, వాళ్ళని ఆపడానికి పార్లమెంటు రోజుల వ్యవధిలో ఇంకో చట్టం చేసింది. అప్పటికి బ్రిటన్ యూరోపియన్ ఎకనమిక్ కమ్యూనిటీలో సభ్యురాలు కాదు. భారతీయుడికి వీసా ఇవ్వాలా వద్దా అన్నది అప్పుడూ తర్వాతా వెస్ట్‌మినిస్టర్ పార్లమెంటు చేతిలోనే ఉంది. నా దృష్టిలో ఈ రోజు మొత్తంలో తేలని ముడి ఇదే: అన్యాయం నిజం, దాని చిరునామా తప్పు.

లంగరు దగ్గర గిన్నెలు కడుగుతున్న పెద్దాయన ఇంకో కారణం చెప్పాడు. 2004లో ఫ్రాన్స్ బడుల్లో మతచిహ్నాలు నిషేధించినప్పుడు సిక్కు పిల్లల తలపాగాలూ పోయాయి. “ఇక్కడ మా వాళ్ళు పోలీసుల్లో కూడా పగిడీ కట్టుకుంటారు. అలాంటి యూరప్‌తో మనకేం పని?” ఆయనకి యూరప్ అంటే తెల్లవాళ్ళ క్లబ్బు. బ్రిటన్‌లో తాను కొట్లాడి గెలుచుకున్న చోటు ఆ క్లబ్బులో దొరకదు. ఈ మాట తేలిగ్గా కొట్టిపారేయలేం.

ఆయన పక్కనే గరిటె పట్టుకున్న ఆయన భార్య ఒప్పుకోలేదు. 1979 ఏప్రిల్ 23న జాతివాద పార్టీ నేషనల్ ఫ్రంట్ ఈ సౌతాల్‌లో సభ పెట్టినప్పుడు అడ్డుకోవడానికి వెళ్ళినవాళ్ళలో ఆవిడా ఉంది. ఆ రోజు పోలీసుల దెబ్బలకి బ్లెయిర్ పీచ్ అనే ఉపాధ్యాయుడు చనిపోయాడు. “పోయిన వారం పోస్టరు చూశారా?” అంది. ‘పోదాం’ పక్షం నాయకుడు నైజెల్ ఫరాజ్ ఆవిష్కరించిన పోస్టరు అది. స్లొవేనియా సరిహద్దులో బారులు తీరిన శరణార్థుల ఫొటో, దాని మీద సహనం తెగే దశ వచ్చిందన్న అర్థం వచ్చే పెద్ద అక్షరాలు. “ఆ లైన్లో పోలండ్ మొహం ఒక్కటి చూపించండి. అన్నీ మన రంగువే. ఆ పోస్టరు వేసినవాడితో కలిసి నేను ఓటేస్తానా?” ఆ పోస్టరు వచ్చిన రోజే, జూన్ 16న, యార్క్‌షైర్‌లో ఎంపీ జో కాక్స్‌ని ఓ తీవ్ర జాతీయవాది చంపేశాడు. పెద్దాయన మారుమాట్లాడలేదు. ఒకే ఇంట్లో రెండు ఓట్లు.

సౌతాల్ నుంచి పాడింగ్టన్‌కి రైలు, అక్కడ గులాబీ గీత మెట్రో ఎక్కి ఈస్ట్ హామ్. తూర్పు లండన్‌ని వాన ముంచేసింది, రైళ్ళు ఆగి ఆగి నడుస్తున్నాయి. ఈస్ట్ హామ్ చేరేసరికి మూడైంది. హై స్ట్రీట్ నార్త్‌లో తమిళ నగల దుకాణాలు, దోసె హోటళ్ళు, ఫోన్ కార్డుల కొట్లు దాటి ఓ బిర్యానీ హోటల్లో దూరండి. తెలుగు వినపడింది కదూ?

కిటికీ పక్క బల్ల దగ్గర కరీంనగర్ అతను, ఓ బ్యాంకు ప్రాజెక్టులో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. ఎదురుగా గుంటూరు డాక్టరమ్మ. ఇద్దరూ తడిసిపోయి ఉన్నారు, ఇద్దరూ ఓటేసి వచ్చారు. గొడవ పడుతున్నారు.

“మనకు వీసా ఫీజు, ఇంగ్లీషు పరీక్ష, పోయినేడు నుంచి హెల్త్ సర్‌ఛార్జీ. వాళ్ళకేమో కార్డు చూపెడితె సాలు. నేను టాక్స్ తక్కువ కడుతున్ననా అక్కా?” అంటున్నాడతను. “ఇంగనైనా అందరికీ ఒక్కటే లైను ఉండాలె. చదువు చూడున్రి, పని చూడున్రి, తీసుకోన్రి. పాస్‌పోర్టు రంగు జూసుడెందుకు?” తర్వాత నవ్వుతూ, “మా తెలంగాణ లెక్కనే అనుకో. మన నిధులు మనకే” అన్నాడు. రాష్ట్రం వచ్చి అప్పటికి రెండేళ్ళే, ఆ ఊపు ఇంకా తగ్గలేదు. ఒక దేశం లోపల రాష్ట్రం ఏర్పడటం, ఒప్పందాల మీద కట్టిన కూటమిలోంచి ఒక దేశం తప్పుకోవడం ఒకటి కాదు. కానీ లండన్‌లో ఆ వేసవిలో తెలంగాణ పిల్లలు ఈ పోలిక తేకుండా ఉంటారా?

డాక్టరమ్మ ముక్కు మీద కోపం ఉంది. బయటి దేశాల డాక్టర్లు ఇక్కడ పనిచేయాలంటే పాసవ్వాల్సిన ప్లాబ్ పరీక్ష రాయడానికి 2005లో ఇదే ఈస్ట్ హామ్‌కి వచ్చింది. అప్పట్లో ఈ వీధుల్లోని ఇళ్ళన్నీ మన డాక్టర్లతో నిండిపోయి ఉండేవి. ఒక్కో గదిలో నలుగురైదుగురు, పొద్దున్న పుస్తకాలు, సాయంత్రం ఉద్యోగాలకి దరఖాస్తులు, పూట గడవని రోజు గుడిలో ప్రసాదం. 2006లో పిడుగు పడింది. బయటి దేశాల డాక్టర్లకి వర్క్ పర్మిట్ లేకుండా శిక్షణ పొందే వెసులుబాటు తీసేశారు. బ్రిటిష్, యూరప్ డాక్టర్లకి ముందు వరస, మిగిలితే మనకి. యూరప్ డాక్టర్లకి ప్లాబ్ అక్కర్లేదు. వాళ్ళకి ఇంగ్లిషు వచ్చో రాదో అడిగే అధికారం కూడా మెడికల్ కౌన్సిల్‌కి 2014లో గానీ రాలేదు. భారతీయ డాక్టర్ల సంఘం బాపియో కోర్టుకెళ్ళింది. అప్పటికే హైలీ స్కిల్డ్ వీసా మీద ఉన్నవాళ్ళని వెనక్కి నెట్టిన ఆరోగ్యశాఖ ఆదేశం చెల్లదని 2008లో హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది. అప్పటికి చాలామంది సూట్‌కేసులు సర్దుకుని వెళ్ళిపోయారు.

ఇంత పడ్డావిడ ‘ఉందాం’ అని గీసింది. “నన్ను రోడ్డున పడేసింది బ్రస్సెల్స్ కాదు తమ్ముడూ, ఇక్కడి ఆరోగ్యశాఖే. రేపు యూరప్‌వాళ్ళు పోతే నన్ను నెత్తిన పెట్టుకుంటారనుకుంటున్నావా? మా వార్డులో స్పెయిన్ నర్సులు పోతే ఆ రాత్రి డ్యూటీలు ఎవరు చేస్తారో చెప్పు.”

“వాళ్ళు పోతే మనోళ్ళే వస్తరు అక్కా.”

“వస్తార్లే. ఎన్ని షరతులతో వస్తారో చూద్దాం.”

బిల్లు ఎవరు కట్టాలన్నదాని మీద ఇంకో గొడవ మొదలైంది. మనం వెళ్దాం.

ఆల్డ్‌గేట్ ఈస్ట్‌లో దిగి బ్రిక్ లేన్‌లోకి నడిచేసరికి వాన వెలిసింది. వీధుల పేర్లు బెంగాలీలో కూడా రాసి ఉన్నాయి. ఫ్రాన్స్ నుంచి పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్లు 1743లో కట్టుకున్న ప్రార్థనాలయం ఆ మూల ఉంది. తర్వాత అది యూదుల సినగాగ్ అయింది, 1976 నుంచి మసీదు. రంజాన్ నెల. జూన్‌లో లండన్ పొద్దు ఎంతకీ కుంగదు. పద్దెనిమిది గంటలకి పైగా పచ్చి గంగ ముట్టని వంటవాళ్ళు తందూరు ముందు నిలబడి ఎవరికో నాన్ కాలుస్తున్నారు.

తొమ్మిది ఇరవై దాటింది. అజాన్. ఓ కర్రీ హోటలు వంటగదిలో స్టీలు బల్ల చుట్టూ ఖర్జూరం, మరమరాలు, శనగలు, పకోడీ. బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ మూలాల యజమాని మిమ్మల్నీ కూర్చోబెట్టాడు. గ్లాసుడు షర్బత్ గటగటా తాగి అప్పుడు నోరు విప్పాడు.

బ్రిటన్‌లో కర్రీ హోటళ్ళు 12,000 దాకా, లక్షమందికి పని అని ఆ పరిశ్రమ వాళ్ళ లెక్క. వాటిలో ఎక్కువ భాగం బంగ్లాదేశ్ మూలాలవాళ్ళవే. వారానికి కొన్ని మూతపడుతున్నాయి. తినేవాళ్ళు తగ్గి కాదు, వండేవాళ్ళు లేక. ఇక్కడ పుట్టిన పిల్లలు అకౌంటెంట్లు అవుతున్నారు, తందూరు దగ్గరికి రారు. సిల్హెట్ నుంచి వంటమనిషిని రప్పించాలంటే అతనికి ఏడాదికి 29,570 పౌండ్లు ఇవ్వాలి. ఆ హోటలు పార్సిళ్ళు కట్టకూడదు. పార్సిల్ లేని కర్రీ హోటలు ఎక్కడైనా ఉంటుందా? ఈ షరతు రాసినవాళ్ళు శుక్రవారం రాత్రి ఒక్కసారైనా కర్రీ ఆర్డర్ చేసి ఉండరు.

“యూరప్‌వాళ్ళని పెట్టుకోమన్నారు భాయ్. రొమేనియా కుర్రాణ్ణి పెట్టాను. మంచివాడే. తందూరు సెగకి మూడో రోజు రాలేదు.” మే నెలలో ప్రీతి పటేల్ వచ్చి చెప్పిన మాట ఆయన మళ్ళీ చెప్పాడు. ఉగాండా నుంచి వచ్చిన గుజరాతీల బిడ్డ, అప్పుడు ఉపాధి మంత్రి. యూరప్ నుంచి వచ్చేవాళ్ళకి అదుపు లేదు కాబట్టే మొత్తం సంఖ్య తగ్గించడానికి మీ వంటవాళ్ళని ఆపుతున్నారు, బయటికొస్తే అందరికీ సమానమైన విధానం వస్తుంది, కర్రీ హోటళ్ళని కాపాడుకోండి అన్నది ఆ ప్రచారం సారం. బంగ్లాదేశ్ కేటరర్స్ అసోసియేషన్ పెద్దలు అటే మొగ్గారు. ఆ వాదనలో మొదటి సగం నిజమే. నికర వలసల్ని లక్షలోపుకి తెస్తామని ప్రధాని కామెరాన్ మాటిచ్చారు. యూరప్ భాగం ఆయన చేతిలో లేదు కాబట్టి కోత అంతా మన వైపు పడింది. రెండో సగానికి మాత్రం ఎవరూ కాగితం మీద సంతకం పెట్టలేదు.

“మా ఓనరు కలలు కంటున్నాడు” అన్నాడు పళ్ళేలు తుడుస్తున్న కుర్రాడు, ఇంగ్లిషులో, మెల్లిగా. అతనిది ఇక్కడి పుట్టుకే.

పదింటికి పోలింగ్ ముగిసింది. రంజాన్ రాత్రి, ఉపవాసానికి ముందు తినే సహ్రీ దాకా ఎలాగూ ఎవరూ పడుకోరు. హోటలు మీది గదిలో టీవీ చుట్టూ చేరారు. మొదట్లో ఫరాజ్ మాటలు ఓడిపోతామన్నట్టే ఉన్నాయి. పౌండు ఒకటిన్నర డాలర్లకి ఎగబాకింది. అర్ధరాత్రి దాటాక సండర్లాండ్ 61 శాతంతో ‘పోదాం’ అంది. గదిలో కదలిక. పౌండు జారడం మొదలైంది, తెల్లారేసరికి 1985 తర్వాత ఎన్నడూ లేనంత కిందికి వెళ్తుంది. రెండున్నరకి పరాటా, టీ. మళ్ళీ టీవీ.

వలసొచ్చినవాళ్ళు ఎక్కువున్న ఊళ్ళు ఒక్కొక్కటే వచ్చాయి. స్లావ్ 54.3 శాతం బయటికి. లూటన్ 56.5. బ్రాడ్‌ఫోర్డ్ 54.2. బర్మింగ్‌హామ్ 3,800 ఓట్ల తేడాతో బయటికి. లెస్టర్ 51.1 శాతంతో లోపలే, పొద్దున్న మీరు ఓటేసిన హౌన్‌స్లో కూడా సరిగ్గా 51.1తో లోపలే. ఈ ఊళ్ళలో తెల్లవాళ్ళూ లక్షల్లో ఉన్నారు కాబట్టి ఊరి లెక్కని చూసి ఎవరెటు వేశారో తేల్చలేం. కానీ లండన్ మొత్తం ఒకవైపు ఉంటే ఈ పశ్చిమ శివార్లు అంచు మీద ఊగాయన్నది చిన్న సంగతి కాదు.

నాలుగూ నలభైకి బీబీసీలో డేవిడ్ డింబుల్‌బీ చెప్పేశారు: బ్రిటన్ బయటికి వెళ్తోంది. చివరి లెక్క 51.9, 48.1. యజమాని చప్పట్లు కొట్టి అల్‌హందులిల్లా అన్నాడు. కుర్రాడు ఫోన్లోంచి తలెత్తలేదు. ఎనిమిది దాటిన కాసేపటికి కామెరాన్ రాజీనామా ప్రకటించారు. జూలై నెలలో జాతి, మత ద్వేషంతో జరిగిన నేరాలు అంతకు ముందటి జూలై కంటే 41 శాతం ఎక్కువగా నమోదయ్యాయి. తిట్టేవాళ్ళు ఎవరెటు ఓటేశారో కనుక్కుని తిట్టరు కదా.

ఆ నవంబరులో కొత్త ప్రధాని థెరిసా మే ఢిల్లీ వచ్చారు. వీసాలు పెంచమంటే ఇప్పుడున్నది బాగానే ఉందన్నారు. అదే నెలలో కంపెనీలు ఇండియా నుంచి పంపే సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల కనీస జీతాన్ని 24,800 నుంచి 30,000 పౌండ్లకి పెంచారు. కరీంనగర్ తమ్ముడికి ఈ వార్త ఎలా తగిలిందో ఊహించుకోండి. మోసపోయామని కర్రీ సంఘాల వాళ్ళు బాహాటంగానే అన్నారు.

2021 జనవరి 1 నుంచి కరీంనగర్ తమ్ముడు అడిగిన ఒక్కటే లైను వచ్చింది. ఆ పాయింట్ల విధానం తెచ్చిన హోంమంత్రి ప్రీతి పటేలే. ఈ నిబంధనలు అప్పుడుంటే మా అమ్మానాన్నలకే ప్రవేశం దొరికేది కాదేమోనని ఆమే ఒప్పుకున్నారు. ఆ ఏడాది జూలైలో చదువు ముగిశాక పనిచేసుకునే వీసా తిరిగొచ్చింది. 2022లో భారత విద్యార్థులకి లక్షా ముప్ఫై వేలకి పైగా వీసాలిచ్చారు, వాళ్ళలో మన హైదరాబాద్, విజయవాడ పిల్లలు ఎంతమందో ఈస్ట్ హామ్ వీధుల్లో నడిచినవాళ్ళకి తెలుసు. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో నికర వలసలు తొమ్మిది లక్షలు దాటాయి. వాళ్ళు పోతే మనవాళ్ళు వస్తారన్న మాట నిజమైంది. ఎన్ని షరతులతో అన్న డాక్టరమ్మ ప్రశ్నా నిజమైంది. 2024 జనవరి నుంచి చాలామంది విద్యార్థులు భార్యాపిల్లల్ని తీసుకెళ్ళకూడదన్నారు. ఏప్రిల్‌లో స్కిల్డ్ వీసా కనీస జీతం 38,700 పౌండ్లయింది, 2025 జూలైలో 41,700. 2021లో 25,600 పౌండ్ల జీతంతో వంటవాళ్ళకి తెరిచిన దారిని అదే జూలైలో, ఆ ఉద్యోగానికి డిగ్రీ స్థాయి లేదని, కొత్తవాళ్ళకి మూసేశారు.

జలంధర్ కుర్రాడి భార్య దాటలేకపోయిన మెట్టు 18,600 పౌండ్లు. 2024 ఏప్రిల్ 11 నుంచి కొత్తగా దరఖాస్తు చేసేవాళ్ళకి అది 29,000 పౌండ్లు. ఆ నిర్ణయం తీసుకున్న రోజు బ్రస్సెల్స్‌కి లండన్ మీద ఏ అధికారమూ లేదు.